పందికొక్కు పూర్తి చేయని గద్యం

దివ్య పోయింది ఆగస్టు పన్నెండున, మంగళవారం. డెంగీ. నాలుగో రోజు జ్వరం దిగింది. దిగింది కదా అని ఐదో రోజు నేను బడికి వెళ్ళాను. ఎనిమిదో తరగతిలో, కావ్యాల్లో నగర వర్ణన ఎలా ఉంటుందో చెబుతూ బోర్డు మీద ఒక వాక్యం సగం రాశాను. అప్పుడు ఏసమ్మ ఫోన్ వచ్చింది.

మూడు వారాల తర్వాత మళ్ళీ ఆ తరగతికి వెళ్ళేసరికి బోర్డు శుభ్రంగా తుడిచి ఉంది. ఆ వాక్యాన్ని మొదటి నుంచి రాసి పూర్తి చేశాను. పాఠం సగంలో వదిలే అలవాటు నాకు లేదు.

దివ్య మాకు ఒక్కతే కూతురు. ఇరవై తొమ్మిదేళ్ళు. ఏసమ్మ నా భార్య, సర్కారు దవాఖానలో నర్సు. నేను వరంగల్ శివారులోని ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఆదివారం చర్చికి పోయే సుందర్ రావు సారుకు పద్యాలతో పనేమిటని కొత్తలో అడిగినవాళ్ళున్నారు. నా పద్యం విన్నాక రెండోసారి ఎవరూ అడగలేదు.

ఆ రోజు వాక్యం పూర్తి చేసి, పిల్లల వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. "కథ చెప్పే ముందు కవి ఊరిని వర్ణిస్తాడు. ఆ ఊరి మేడలు చంద్రుణ్ణి తాకుతాయి. ఆ ఊరి ఏనుగులను చూసి జనం మబ్బులనుకుంటారు."

మూడో బెంచీలో ఎవరో నవ్వారు. మానస. చేతితో నోరు మూసుకుంది గానీ భుజాలు ఆగడం లేదు.

"ఎందుకా నవ్వు?"

"ఏం లేదు సార్."

"ఏమీ లేనిదానికి ఎవరూ నవ్వరు. లేచి చెప్పు."

మానస లేచింది. "గిది కొక్కు సార్ చెప్పిండు సార్. టీవీల."

"కొక్కు సార్ ఎవరు?"

తరగతంతా ఒక్కసారి నవ్వి, వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. పిల్లలకు తెలుసు, ఆ కార్టూన్ రాసేది ఎవరో.

"పందికొక్కు సార్. ఎలుకల యార్డుల ఉంటడు." మానస నేల చూపులు చూసింది. తర్వాత ధైర్యం తెచ్చుకుని గొంతు మార్చింది. "'ఈ యార్డునందలి మిరప బస్తాలు ఆకాశమునంటుచుండ, వానిని సమీపించిన సూర్యుడు దినమునకు మూడుమార్లు తుమ్మును.' గట్ల చెప్తడు సార్."

చెబుతూ చెబుతూ చూపుడు వేలితో కళ్ళజోడు పైకి తోసుకుంది. మానసకు కళ్ళజోడు లేదు. నాకుంది.

"కూర్చో," అన్నాను. "తుమ్మడం బాగుంది."

*

దివ్య ఇంజనీరింగ్ చదివి, ఆ పని చేయకుండా, తన క్లాస్‌మేట్ భానుచందర్ హనుమకొండలో పెట్టిన యానిమేషన్ స్టూడియోలో రాయడానికి చేరింది. జిరాక్స్ సెంటర్ పైన రెండు గదులు. వాళ్ళు తీసే హాస్య కార్టూన్ పేరు 'ఎలుకల యార్డు'. ధాన్యం మార్కెట్ యార్డులో, తూకం కాంటా కింద కాపురముండే ఎలుకల కథ. ఏసమ్మ పుట్టిల్లు కేసముద్రం. దివ్య చిన్నప్పుడు సెలవులకు అక్కడికి వెళ్ళి యార్డులో బస్తాల మీద ఆడుకునేది. ఎలుకలు అక్కడివే.

కార్టూన్ ఆదివారం పొద్దున పది గంటలకు వస్తుంది. ఆ సమయంలో మేము చర్చిలో ఉంటాం. "ఫోన్ల చూడొచ్చు డాడీ," అని దివ్య రెండు మూడుసార్లు చెప్పింది. చూస్తానన్నాను. చూడలేదు. కానీ ప్రతి ఎపిసోడ్ చదివాను. గురువారం సాయంత్రం ఆమె కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టేది. నేను ఎర్ర కలంతో దిద్దేవాణ్ణి.

ఎలుకలు మాట్లాడేదంతా మా ఊరి మాట. 'లారీ వస్తాంది, ఉరుకుండ్రి' అని ఉన్నచోట కొట్టేసి 'లారీ వచ్చుచున్నది, పరుగెత్తుడు' అని రాసేవాణ్ణి. పాఠ్యపుస్తకం చదివే వయసు పిల్లలు చూస్తారు కనుక భాష సాఫుగా ఉండాలని నా పట్టుదల. దిద్దడంతో ఆగలేదు. అంచుల్లో సలహాలు కూడా రాసేవాణ్ణి. ఇక్కడ నగర వర్ణన ఉండాలి. ఇక్కడ కుకవి నింద బాగుంటుంది, పూర్వకవులు చెడ్డ కవులను ముందే తిట్టి గాని కథ మొదలుపెట్టేవారు కారు. ప్రతి ఆశ్వాసం చివర గద్యం ఉండాలి, అందులో కవి తాను ఎవరి సంతానమో చెప్పి, ఆపైన తన పేరు చెప్పుకోవాలి.

"నా దిద్దుబాట్లు వాడుతున్నారా?" అని అడిగితే దివ్య అనేది, "ఒక్కటి గూడ పోనియ్యలే డాడీ."

ఆ సాయంత్రం ఏసమ్మ డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను, కార్టూన్ చూడాలని. ఆమె తన ఫోన్ తెచ్చి, నీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టింది. మొదటి ఎపిసోడ్ ఎక్కడుందో ఆమె వేలికి తెలుసు.

"నువ్వు చూశావా?"

"డ్యూటీ రూముల అందరం చూస్తం."

"నాకు చెప్పలేదు."

"నువ్వు చూస్తలేవని పిల్ల బాధ పడలే. చూస్తే మళ్ళ దిద్దుతవని భయపడ్డది."

తెర మీద ఒక ఆడ ఎలుక అరిచింది, "లారీ వస్తాంది, ఉరుకుండ్రి!" ఎలుకలన్నీ ఉరికాయి. అప్పుడు ఒక గోనెసంచిలోంచి ముసలి పందికొక్కు నెమ్మదిగా బయటికొచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, "లారీ వచ్చుచున్నది, పరుగెత్తుడు అనవలెను," అంది. లారీ దాని తోక మీద నుంచి పోయింది.

నా దిద్దుబాటు ఒక్కటి కూడా పోలేదు. నేను చదివిన కాగితాల్లో ఎక్కడా లేని ఆ పందికొక్కు నోట్లో అన్నీ ఉన్నాయి.

మూసేసిన గ్రంథాలయంలోంచి బయట పారేసిన పుస్తకాలను తిని పెరిగిన పందికొక్కు అది. చదవలేదు, తిన్నది. ఏ పుస్తకం అరిగితే ఆ పుస్తకంలా మాట్లాడుతుంది. పక్క యార్డు ఎలుకలను తిట్టమంటే పూర్వకవుల పద్ధతిలో నింద మొదలుపెడుతుంది. అది ముగిసేలోపు పక్క యార్డువాళ్ళు గింజలు మూటగట్టుకుని పోతారు. ఒక కుర్ర ఎలుక ప్రేమలో పడితే, కావ్యాల్లో లాగా పక్షితో సందేశం పంపమని సలహా ఇస్తుంది. పావురం సందేశాన్ని మింగేసి, రుచి బాగుందని చెప్పి పోతుంది. అంచుల్లో నేను రాసిన ప్రతి సలహా ఎక్కడో ఒకచోట కనిపించింది.

పందికొక్కు నోరు తెరిచినప్పుడల్లా ఆడ ఎలుక అనేది, "పంతులూ, గింజ చల్లారుతాంది."

ఏసమ్మ నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. మా ఇంట్లో అన్నం దగ్గర నేను పద్యం ఎత్తుకున్నప్పుడల్లా దివ్య అనే మాట అది. "డాడీ, కూర చల్లారుతాంది."

ప్రతి ఎపిసోడ్ చివర పందికొక్కు తూకం కాంటా ఎక్కి నిలబడి గద్యం చెబుతుంది. "ఇది సకల గోనెసంచి ఛేదన ధురంధరుండును, కందిబేడల పాలిటి కాలయముండును అగు..." తండ్రి పేరు చెప్పాల్సిన చోటికి వచ్చేసరికి ఎవరో ఒకరు అడ్డం వస్తారు. ఒకసారి హమాలీ బస్తా దించుతాడు. ఒకసారి పిల్లి వస్తుంది. ఒకసారి ఊరికే కరెంటు పోతుంది. ఇరవై నాలుగు ఎపిసోడ్లలో ఒక్కసారి కూడా గద్యం పూర్తి కాలేదు.

నాలుగు సాయంత్రాల్లో అన్నీ చూశాం. నేను రెండుసార్లు నవ్వాను. సూర్యుడు తుమ్మినప్పుడు ఒకసారి. ఇంకోసారి తోక మీద నుంచి లారీ పోయినప్పుడు.

*

దివ్య పోయాక మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థనకు వచ్చినప్పుడు భానుచందర్ నాతో ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఇప్పుడు నేనే స్టూడియోకు వెళ్ళాను.

"ఇరవై అయిదో ఎపిసోడ్ దివ్య రాసి ఇచ్చింది అంకుల్. ఆఖరిది మిగిలింది. దసరా సెలవులు అయిపోయే సోమవారం గొంతుల రికార్డింగ్ ఉన్నది." అతను కుర్చీ దగ్గరకు జరిపాడు. "ఎలుకల వరకు మేం ఎట్లనో రాసుకుంటం. కొక్కు సార్‌తోనే కష్టం. ఆయన మాట రాసేటోళ్ళు లేరు. ఆఖరి ఎపిసోడ్‌ల ఆయన్ను లారీ ఎక్కిచ్చి పంపిద్దామనుకుంటానం. మాట లేకుండ. చెయ్యి ఊపుకుంట పోతడు."

"ఎక్కడికి పోతాడు?"

"ఎక్కడికో ఒక దగ్గరికి పోతడు అంకుల్."

"ఎక్కడికీ పోడు. నేను రాస్తాను."

భానుచందర్ గోడ మీద బొమ్మల వైపు చూశాడు. "మీకు కామెడీ..."

"అందులో సగం వాక్యాలు నావే. పది రోజులు ఇవ్వు."

అతను కాదనలేదు. కాదనడానికి కూడా మొహమాటపడ్డాడేమో. దివ్య సొరుగులోని కాగితాలు నాకు ఇచ్చాడు. అన్నిటి మీదా నా ఎర్ర కలం. గద్యంలో కవి ఎవరి సంతానమో చెప్పుకోవాలని నేను రాసిన చోట, కింద పెన్సిల్‌తో ఆమె రాసుకుంది: 'డాడీ పేరు ఆఖరి ఎపిసోడ్‌ల. అప్పటిదాక ఎవ్వరూ చెప్పనియ్యొద్దు.'

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె ఏం చేయదలచుకుందో ఇంతకంటే స్పష్టంగా ఎవరూ రాసిపెట్టరు. ఆ ఒక్క గద్యం కోసం ఇరవై అయిదు ఎపిసోడ్లు అడ్డం వేసింది. మాటలు లేకుండా లారీ ఎక్కిస్తే ఆ పనంతా వృథా.

ఐదు రోజుల్లో రాశాను. యార్డులో వాన పడుతుంది, ధాన్యం తడుస్తుంది, ఎలుకలు ఏం చేయాలో తోచక పందికొక్కును అడుగుతాయి. అది వర్ష వర్ణన చేసి, ఓర్పు గురించి నాలుగు మంచి మాటలు చెబుతుంది. ఎలుకలు విని, కలిసికట్టుగా ధాన్యం కాపాడుకుంటాయి. భాషలో ఒక్క తప్పు లేదు. నేను రాసినదాంట్లో తప్పుండదు.

స్టూడియోలో చదివారు. పందికొక్కుకు గొంతు ఇచ్చేది వెంకట్రాజం. ముప్పై ఏళ్ళు తొర్రూరు బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన చదువుతుంటే నా గొంతు వేరే మనిషిలోంచి వింటున్నట్టుంది. చివరిదాకా చదివి కాగితాలు కింద పెట్టాడు.

"మంచిగుంది అంకుల్," అన్నాడు భానుచందర్.

"మంచిగుంది గనుకనే ఎవరూ నవ్వలేదు," అన్నాను.

వెంకట్రాజం గొంతు సవరించుకున్నాడు. "ఏమనుకోకు సారూ. నోరు తిరుగతలేదని కాదు. నా నోరు ఎటంటే అటు తిరుగుతది, బస్సుల అలవాటే. గని గిది కొక్కు సార్ కాదు. గీయన మాట్లాడుతాంటే అందరు కూసోని ఇంటున్నరు."

"వినకూడదా?"

"ఎవలింటరు సారూ? నేను ముప్పై ఏండ్లు 'ముందటికి జరుగుండ్రి' అని మొత్తుకున్న. ఒక్కడు జరగలే. కొక్కు సార్ చెప్పేది అన్నీ కరెక్టే. గని వాన పడ్డంక చెప్తడు. లారీ పోయినంక చెప్తడు. అందుకే నవ్వొస్తది. అందుకే ఆయనంటే పిల్లలకు పాణం."

"మీకా గొంతు ఎవరు నేర్పారు?"

ఆయన భానుచందర్ వైపు చూసి, తన ఫోన్ తీశాడు. "మీ బిడ్డ గీ రికార్డింగ్ ఇచ్చింది. 'గిట్లనే మాట్లాడాలె తాతా, జర గూడ మార్చొద్దు' అన్నది."

రికార్డింగులో కంచాల చప్పుడు. నేను వంకాయ కూర మీద ఆశువుగా ఏదో పద్యం అల్లుతున్నాను. రెండో పాదం దగ్గర దివ్య గొంతు, "డాడీ, కూర చల్లారుతాంది." ఏసమ్మ నవ్వు. నేను, "మూడో పాదం విని తినండి." దివ్య, "మూడో పాదం ఫ్రిజ్‌ల పెట్టు డాడీ, రేపటికి ఇంటం."

అక్కడితో ఆగిపోయింది. వెంకట్రాజం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నేను నా కాగితాలు తీసుకుని లేచాను.

"ఐదు రోజులు మిగిలాయి," అన్నాను భానుచందర్‌తో. "సరిపోతాయి."

*

నా తప్పేమిటో బస్సులోనే తెలిసిపోయింది. నేను పందికొక్కును ముందు రాశాను. దివ్య ముందు ఎలుకలను రాసేది. పందికొక్కు ఆ తర్వాత ఎర్ర సిరాతో వచ్చేది. ఆ వరుసే పట్టుకోవాలి.

మర్నాడు తెల్లకాగితాలు ముందు పెట్టుకున్నాను. ఎలుకల మాట రాయబోతే కలం సాగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మాటను కొట్టేసిన చేయి అది. 'వాన వస్తాంది' అని రాసి, తెలియకుండానే దిద్దేశాను.

ఏసమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూసింది. "నీతోని కాదు. నేను చెప్త, రాయి."

"నీకు కథ తెలియదు కదా."

"వాన పడుతాంది. వడ్లు తడుస్తానయ్. గంతే గద. మా నాయిన హమాలీ పని చేసిండు, యార్డుల వానొస్తే ఏమైతదో నాకు తెల్వదా?" గిన్నె పక్కన పెట్టింది. "ఓ పిల్లగాండ్లూ, టార్పాలిన్ గుంజుండ్రి! అటు కొస పట్టు, ఇటు కొస పట్టు! మొగోళ్ళంత యాడ సచ్చిండ్రు?"

నేను రాశాను. ఆమె చెబుతూనే ఉంది. కేసముద్రంలో తన చిన్నప్పుడు వాన పడ్డ రోజుల్లో అరిచినవాళ్ళందరూ ఆమె నోట్లోంచి వచ్చారు. ఒకచోట ఆపి, "గిప్పుడు నువ్వేం జేస్తవ్?" అంది.

"నేనా?"

"కొక్కు సార్."

ఆలోచించాను. "వర్ష వర్ణన చేస్తాను."

"యాడ నిలబడి?"

అది నాకు తట్టలేదు. ఆమెకే తట్టింది. "టార్పాలిన్ మీదనే నిలబడు. అందుకే గుంజితే వస్తలేదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె ముందు నవ్వింది. నేను ఎర్ర కలం తీశాను.

మూడు రోజులు అలా సాగింది. ఆమె చెప్పింది, నేను రాశాను, తర్వాత నేనే దిద్దాను. పందికొక్కు ఎలుకల మాటలు దిద్దుతూ, మేఘాలను ఏనుగులతో పోల్చుతూ టార్పాలిన్ నడిమధ్య నిలబడింది. ఎలుకలు గుంజుతున్నాయి, అది కదలడం లేదు. "వర్షధారలు ముత్యాల సరములవలె..." అని అది ఎత్తుకుంటే ఆడ ఎలుక, "పంతులూ, నీ ముత్యాల మీద బురద వడ! దిగు!" అంటుంది. అందరూ కలిసి గుంజిన గుంజుడుకు పందికొక్కు ఎగిరి కాంటా మీద పడుతుంది. వడ్లు దక్కుతాయి. వాన వెలుస్తుంది. కాంటా మీద తడిసిన పందికొక్కు కళ్ళజోడు పైకి తోసుకుంటుంది. మొదటిసారి అందరూ దాని చుట్టూ చేరి, గద్యం చెప్పమని అడుగుతారు. హమాలీ రాడు. పిల్లి రాదు. కరెంటు ఉంటుంది.

శుక్రవారం స్టూడియోలో చదివారు. 'బురద వడ' దగ్గర వెంకట్రాజమే నవ్వు ఆపుకోలేక కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బొమ్మలు గీసే పిల్లలు పక్క గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. భానుచందర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కాసేపటికి తిరిగి వచ్చాడు.

"ఆంటీని సీజన్ టూ రాయమనాలె," అన్నాడు.

"ఆమె అడుగుతుంది, జీతమెంతని."

"లారీ సీన్ క్యాన్సిల్. కొక్కు సార్ యాడికి పోడు." కాగితాలు తిరగేశాడు. "ఆఖరి పేజీ ఖాళీగున్నది అంకుల్. గద్యం?"

"ఆదివారం ఇస్తాను."

"కష్టమైతే వద్దు. గద్యం బదులు నల్ల కార్డు మీద 'దివ్య జ్ఞాపకార్థం' అని ఏస్తం. అందరు గట్లనే ఏస్తరు."

"వద్దు," అన్నాను. "ఏ కావ్యం చివరా అలా ఉండదు. గద్యంలో కవి ఉన్నాడా పోయాడా అన్నది ఎక్కడా కనిపించదు. ఎవరి సంతానమో, పేరేమిటో, ఏం రాశారో, అంతే. ఎన్ని వందల ఏళ్ళ తర్వాత చదివినా అంతే. దివ్యకు ఆ పద్ధతి తెలుసు. అలాగే ఉండాలని ఆపి పెట్టుకుంది."

అతను సరేనన్నాడు. వెంకట్రాజం మెట్ల దాకా వచ్చి, "ఫికర్ జేయకు సారూ," అన్నాడు. "నువ్వు రాసియ్యి. తడబడకుంట చెప్త."

శని, ఆదివారాలు బల్ల దగ్గర కూర్చున్నాను. విశేషణాలన్నీ కుదిరాయి. యార్డు వచ్చింది, వాన వచ్చింది, కందిబేడలు వచ్చాయి. ఏసమ్మ పేరు కూడా పెట్టాను. పూర్వకవులు కొందరే తల్లి పేరు చెప్పారు, నేను చెప్పదలచాను. 'ఏసమ్మా సుందర్ రావుల పుత్రియు' అన్నంతవరకు ఎర్ర కలంతో కాదు, నల్ల సిరాతో శుభ్రంగా రాశాను. వాక్యం బాగా వచ్చింది. దాన్ని దిద్దాల్సిన పని లేదు.

రేపు పది గంటలకు రికార్డింగ్. గద్యంలో దివ్య పేరు నేనింకా రాయలేదు.